డెవలపర్ లెవీలో మా పారిష్ వాటా పదిహేను శాతమా, పాతికా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో ఒక పల్లెలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. నిరుడు నన్ను పారిష్ కౌన్సిల్‌లోకి తీసుకున్నారు. మా ఊరి అంచున 110 ఇళ్ల లేఅవుట్ రెండు దశలుగా కడుతున్నారు. అవుట్‌లైన్ అనుమతి 2020 మార్చిలో వచ్చింది. మొదటి దశ రిజర్వ్‌డ్ మ్యాటర్స్ ఆమోదం 2022 ఫిబ్రవరిలో, రెండో దశది 2022 నవంబరులో. ఈ మధ్యలో మా నైబర్‌హుడ్ ప్లాన్ మే నెల రెఫరెండంలో గెలిచి జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఇంతవరకు మొదటి దశకు డెవలపర్ 6,00,000 పౌండ్ల లెవీ కట్టాడు. రెండో దశకు 4,80,000 పౌండ్లలో సగం కట్టాడు. డిస్ట్రిక్ట్ కౌన్సిల్ మాకు మూడు విడతలుగా ఇచ్చింది 64,000, 22,500, 34,200. అంతా పదిహేను శాతం లెక్కే అంటున్నారు, అవుట్‌లైన్ అనుమతి ప్లాన్‌కంటే ముందే వచ్చిందట. మొత్తం మీద పాతిక శాతం రావాలి, ఇంకా 89,300 బాకీ ఉందని మా కౌన్సిల్ వాదన. ఊళ్లో హాలు బాగుచేస్తామని ఇప్పటికే మాట ఇచ్చాం. డెవలపర్ స్కూలుకు కూడా పెద్ద మొత్తం ఇస్తున్నాడట, అందులోనూ మాకు వాటా ఉంటుందా? మా ఊళ్లో 640 ఇళ్లున్నాయి. అంబుడ్స్‌మన్‌కు రాయమంటారా, కోర్టుకు వెళ్లమంటారా?

సమాధానం: రెండిట్లో ఏదీ ఇప్పుడే వద్దండి. మీ ఉత్తరంలోని తేదీలూ అంకెలూ చూస్తే, డిస్ట్రిక్ట్ వాదనా పూర్తిగా నిలబడదు, మీ వాదనా పూర్తిగా నిలబడకపోవచ్చు. అసలు లెక్క వాళ్లదానికీ మీదానికీ మధ్యలో తేలే అవకాశం ఎక్కువ. ఒక్క కాగితం చూస్తే మాత్రం మీవైపు పూర్తిగా మొగ్గవచ్చు కూడా. ఆ కాగితం 2020 నాటి అవుట్‌లైన్ అనుమతి నోటీసు.

ముందుగా, ఇక్కడ సంగతి తెలియని మన పాఠకుల కోసం నాలుగు ముక్కలు. పారిష్ కౌన్సిల్ అంటే ఇంగ్లండ్‌లో అన్నింటికన్నా కింది అంచె, మన గ్రామ పంచాయతీ లాంటిదే అనుకోండి. ఇళ్ల అనుమతులిచ్చేది మాత్రం దానిపైన ఉండే డిస్ట్రిక్ట్ కౌన్సిల్, లేదా కొన్నిచోట్ల యూనిటరీ కౌన్సిల్. కొత్తగా పెరిగే ఫ్లోర్ ఏరియాకు చదరపు మీటరుకు ఇంత అని డెవలపర్ దగ్గర వసూలు చేసే సొమ్ము కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ. 2008 ప్లానింగ్ చట్టం దీనికి మూలం, 2010లో నిబంధనలు వచ్చాయి. ఊరి వాటా తప్పనిసరిగా ఇవ్వాలన్న నిబంధన 2013లో చేరింది, అది 59ఏ నంబరు నిబంధన. లెవీ పెట్టాలా వద్దా అన్నది ఏ డిస్ట్రిక్ట్‌కు ఆ డిస్ట్రిక్ట్ ఇష్టం. పెట్టని చోట ఈ వాటా ప్రశ్నే రాదు. మీ దగ్గర పెట్టారు కనక వాటా మీ హక్కు, వాళ్ల దయ కాదు.

ఆ వాటా రెండు రకాలు. నైబర్‌హుడ్ ప్లాన్ (తమ ఊళ్లో ఎక్కడ ఏం కట్టాలో ఊరివాళ్లే రాసుకుని ఓటుతో ఆమోదించుకునే ప్రణాళిక) లేని ఊరికి పదిహేను శాతం, దానికి ఏటా పరిమితి ఉంది. ప్లాన్ ఉన్న ఊరికి పాతిక శాతం, దానికి పరిమితి లేదు. పేచీ అంతా ఆ "ఉన్న" అన్న మాట ఏ రోజుకు చూడాలన్న దగ్గరే. డిస్ట్రిక్ట్ వాళ్లు అవుట్‌లైన్ అనుమతి తేదీ చూస్తున్నారు. మీవాళ్లు డబ్బు చేతికొచ్చిన తేదీ చూస్తున్నట్టున్నారు. రెండూ సరికాదు. చూడాల్సింది, ప్లానింగ్ అనుమతి ఆ నిర్మాణాన్ని "మొదటిసారి అనుమతించిన" రోజు. ఇది మామూలు మాటలా కనిపించే చట్టపు మాట. దాని అర్థాన్ని 8వ నిబంధన విడమర్చి చెబుతుంది.

సాధారణ పూర్తి అనుమతి అయితే అనుమతి ఇచ్చిన రోజే ఆ రోజు. అవుట్‌లైన్ అనుమతి అలా కాదు. అది "ఇక్కడ ఇన్ని ఇళ్లు కట్టొచ్చు" అని మాత్రమే చెబుతుంది. ఇళ్ల ఆకారం, అమరిక, చెట్లు చేమలు, రోడ్డు మలుపులు తర్వాత ఆమోదించుకోవాలి, వాటినే రిజర్వ్‌డ్ మ్యాటర్స్ అంటారు. అవి తేలనిదే పునాది తీయడానికి లేదు. అందుకే అవుట్‌లైన్ విషయంలో చివరి రిజర్వ్‌డ్ మ్యాటర్‌కు తుది ఆమోదం దొరికిన రోజును "మొదటిసారి అనుమతించిన" రోజుగా తీసుకుంటారు. దశలవారీ అనుమతి అయితే ప్రతి దశా విడి నిర్మాణం కిందే లెక్క, ఏ దశకు ఆ దశ చివరి రిజర్వ్‌డ్ మ్యాటర్ తేదీ చూస్తారు.

మీ తేదీలకు ఇది పెట్టి చూడండి. మొదటి దశ 2022 ఫిబ్రవరి, అప్పటికి మీ ప్లాన్ రెఫరెండానికే వెళ్లలేదు, కాబట్టి పదిహేను. రెండో దశ 2022 నవంబరు, అప్పటికి ప్లాన్ అమల్లోకి వచ్చి అయిదు నెలలు, కాబట్టి పాతిక. 2020 మార్చి అనే తేదీకి ఈ లెక్కలో చోటే లేదు. డిస్ట్రిక్ట్ లెవీ ఆఫీసర్లు ఇంత మామూలు విషయం ఎలా తప్పుతారని అనిపించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో అసలు అనుమతి నంబరు కిందే అన్ని దశలూ ఎక్కించి ఉండవచ్చు. నైబర్‌హుడ్ ప్లాన్ ఉందా లేదా అన్న గడి ఆ నంబరుకు ఒక్కసారే నింపి ఉండవచ్చు. అలాగైతే తర్వాత ఏ దశ వచ్చినా అదే శాతం పడుతూ పోతుంది. దురుద్దేశం వెతకనక్కర్లేదు.

ఇప్పుడు ఆ నోటీసు సంగతి. దశలవారీ అనుమతి అనాలంటే, దశలుగా కడతారని అనుమతిలోనే స్పష్టంగా ఉండాలి. సాధారణంగా "ఫేజింగ్ ప్లాన్ ప్రకారం" అనే షరతు రూపంలో ఉంటుంది. డెవలపర్ తన వీలుకోసం రెండు విడతలుగా దరఖాస్తులు పెట్టుకున్నంత మాత్రాన అది దశలవారీ అనుమతి అయిపోదు. అవుట్‌లైన్ నోటీసులో దశల ఊసే లేకపోతే, మొత్తం 110 ఇళ్లకూ చివరి రిజర్వ్‌డ్ మ్యాటర్ తేదీ 2022 నవంబరే అవుతుంది. అంటే అన్నింటికీ పాతిక శాతం. అప్పుడు మీ 89,300 అంకె అక్షరాలా సరైనదే. అయితే మొదటి దశకు విడిగా లయబిలిటీ నోటీసు (ఎంత లెవీ పడుతుందో చెప్పే కాగితం) ఇచ్చి, డబ్బు విడిగా వసూలు చేశారంటే, దాన్ని దశలవారీ అనుమతిగానే చూశారని అర్థం. అందుకే ఆశ అటు పెట్టుకోకుండా కాగితం తీసి చూడమంటున్నాను. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ప్లానింగ్ రిజిస్టర్‌లోకి వెళ్లి అప్లికేషన్ నంబరు కొడితే డెసిషన్ నోటీసు పీడీఎఫ్ దొరుకుతుంది. షరతులు మొదటి నుంచి చివరి దాకా చదవండి.

ఇంకో మెలిక ఉంది. దశలవారీ అవుట్‌లైన్‌లో ఆ దశకు చెందిన ప్రీ కమెన్స్‌మెంట్ షరతు (పని మొదలుపెట్టేముందే తీర్చాల్సిన షరతు) ఏదైనా అంతకంటే ముందే తీరిపోయి, ఆ తేదీనే ప్రమాణంగా తీసుకుందామని పని మొదలవకముందే డిస్ట్రిక్ట్ రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే తేదీ వెనక్కి జరుగుతుంది. అలాంటి ఒప్పందం రెండో దశకు ఉందేమో అడగండి. ఉన్నా అది 2022 జూన్‌కు ముందుదైతేనే మీకు నష్టం. అలాగే డెవలపర్ మధ్యలో షరతులు మార్చుకోవడానికి 1990 ప్లానింగ్ చట్టం సెక్షన్ 73 కింద కొత్త అనుమతి తెచ్చుకున్నాడేమో చూడండి. తెచ్చుకుని ఉంటే అతను కట్టిన లెవీ ఏ అనుమతి కిందిదో తేల్చుకోవాలి. అక్కడ లెక్క చిక్కుపడుతుంది, అక్కడికొచ్చాక న్యాయసలహా లేకుండా ముందుకెళ్లవద్దు.

ప్లాన్ తేదీ విషయంలోనూ పట్టింపు ఉంది. రెఫరెండం గెలిచిన రోజు కాదు, డిస్ట్రిక్ట్ దాన్ని తీర్మానంతో "చేసిన", అంటే అధికారికంగా అమల్లోకి తెచ్చిన, రోజు కావాలి. రెఫరెండం తర్వాత మామూలుగా ఎనిమిది వారాల్లో ఆ పని ముగించాలి. మీకు మే, జూన్ రెండూ నవంబరుకు ముందే కనక ఇబ్బంది లేదు. కానీ ఆ రెండు తేదీల మధ్య ఆమోదం పడిన ఊళ్లు పాతిక శాతం పోగొట్టుకుంటాయి. ప్లాన్ పరిధి మీ పారిష్ మొత్తమా, కొంత భాగమేనా అన్నదీ చూసుకోండి. లేఅవుట్ ప్లాన్ పరిధి బయట ఉంటే పదిహేనే. లేఅవుట్ పక్క పారిష్ హద్దులోకి జరిగి ఉంటే, ఎవరి హద్దులో ఎంత అంతస్తు వైశాల్యం ఉందో ఆ నిష్పత్తిలో పంచుకోవాలి.

ఇక మీకొచ్చిన మూడు అంకెలు. ఇవి మీరు రాయడం చాలా మంచిదైంది, ఎందుకంటే శాతం గొడవలో పడి మీవాళ్లు వీటిని పట్టించుకోలేదు.

మొదటిది 64,000. ఆరు లక్షల్లో మొదటి విడత నాలుగున్నర లక్షలు అయివుండాలి, దాని మీద పదిహేను శాతం 67,500. వాళ్లిచ్చింది సరిగ్గా 640 ఇళ్లకు ఇంటికి వంద చొప్పున. అంటే పరిమితి వేసి 3,500 కోశారు. ఆ పరిమితి ఉన్న మాట నిజమే, పదిహేను శాతం దొరికే ఊరికి ఒక ఆర్థిక సంవత్సరంలో, కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) పడే ఒక్కో ఇంటికి వంద పౌండ్లకు మించి ఇవ్వనక్కర్లేదు. కానీ ఆ వంద, ధరల సూచీతోపాటు పెంచుకుంటూ పోవాల్సిన వంద. నిబంధన 2013లో వచ్చింది, అప్పటి నుంచి నిర్మాణ ధరలు ఎంత పెరిగాయో ఇంగ్లండ్‌లో ఇల్లు బాగుచేయించుకున్న ఎవరికైనా తెలుసు. ఇక్కడ 67,500 అందుకోవాలంటే సూచీ ఆరు శాతం పెరిగినా చాలు. గుండుగుత్తగా వంద అని వేసేశారు. ఇది సూటిగా అడిగి తెచ్చుకోవలసిన సొమ్ము. ఇళ్ల సంఖ్య కూడా సరిచూడండి. కొత్త లేఅవుట్‌లో జనం చేరిన ఇళ్లు కౌన్సిల్ ట్యాక్స్ జాబితాలోకి ఎక్కేకొద్దీ మీ పరిమితీ పెరుగుతుంది. పాత అంకెనే పట్టుకుని కూర్చుంటే నష్టపోయేది మీరే. పరిమితి ఏ సంవత్సరానికి లెక్కకట్టారో కూడా అడగండి. అక్టోబరు నుంచి మార్చి దాకా వసూలైన సొమ్ము మీకు చేరేది ఏప్రిల్‌లో, అంటే తర్వాతి ఆర్థిక సంవత్సరంలో. ఆ తేడా వల్ల కొన్ని ఊళ్లకు ఒకే ఏడు రెండు ఏళ్ల సొమ్ము పడి, పరిమితి అనవసరంగా తగులుతుంది.

రెండోది 22,500. మిగిలిన లక్షన్నర మీద పదిహేను శాతం. సరిపోయింది.

మూడోది 34,200. రెండో దశలో వచ్చిన 2,40,000కు పదిహేను శాతం అయితే 36,000 రావాలి. ఇది 2,28,000 మీద పదిహేను శాతం. ఆ 12,000 ఎక్కడికి పోయింది? 2,40,000లో అయిదు శాతం సరిగ్గా 12,000. డిస్ట్రిక్ట్ తన పరిపాలన ఖర్చుకు అయిదు శాతం దాకా తీసుకోవచ్చు, నిజమే. కానీ అది తమ వాటాలోంచి తీసుకోవాలి, మీ వాటా లెక్కించాల్సింది వచ్చిన మొత్తం మీద. మామూలుగా లెక్క ఇలా ఉంటుంది: అయిదు పరిపాలనకు, పదిహేనో పాతికో పారిష్‌కు, మిగిలిన ఎనభయ్యో డెబ్బయ్యో పెద్ద పనులకు. ముందు అయిదు తీసేసి మిగిలినదాంట్లో మీ శాతం చూడటం పొరపాటు. ఇక్కడ రెండు తప్పులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. పాతిక శాతం వేసి, కోత లేకుండా చూస్తే మీకు 60,000 రావాలి.

మొత్తం కూడితే, అనుమతి దశలవారీదే అనుకుంటే, మీకు ఇప్పటికి రావలసింది 67,500, 22,500, 60,000, వెరసి లక్షా యాభై వేలు. వచ్చింది 1,20,700. బాకీ 29,300. దశల ఊసు లేని అనుమతి అయితే బాకీ 89,300. ఈ రెండు అంకెల్లో ఏదో ఒకటి. మొదటిది మీ చేతిలో ఉన్నట్టే. రెండోది నోటీసు చదివాకే అడగాలి. ఎక్కువ అంకెతో మొదలుపెట్టి బేరమాడదామనుకోవడం ఇక్కడ పనికిరాదు. ఎదుటివాళ్లు మీ పెద్ద అంకెలో ఒక్క తప్పు పట్టుకుంటే మిగతా నిజమైన బాకీని కూడా ఆర్నెల్లు నాన్చుతారు.

డబ్బు ఎప్పుడివ్వాలన్నదానికీ గడువుంది. మీకూ డిస్ట్రిక్ట్‌కూ వేరే ఒప్పందం లేకపోతే, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చింది అక్టోబరు 28 లోపు, అక్టోబరు నుంచి మార్చి దాకా వచ్చింది ఏప్రిల్ 28 లోపు ఇవ్వాలి. డెవలపర్ కట్టనిదే మీకు రాదు. అతనికి ఇచ్చిన డిమాండ్ నోటీసు (లెవీ కట్టమనే కాగితం) చూసి సొమ్ము వచ్చేసినట్టు అనుకోవద్దు, వాయిదాల పద్ధతి ఉన్నచోట ఏళ్లు పడుతుంది. ఇంకో అపోహ కూడా తీసేయాలి. 110 ఇళ్లలో అన్నింటికీ లెవీ పడుతుందనుకోకండి. అఫర్డబుల్ ఇళ్లకు (తక్కువ ధరకో అద్దెకో ఇచ్చేవి) మినహాయింపు, సొంతంగా కట్టుకునేవాళ్లకు మినహాయింపు, అక్కడ కూల్చేసిన పాత కట్టడం ఈమధ్య దాకా వాడకంలో ఉంటే దాని వైశాల్యం లెక్కలోంచి తీసేస్తారు. అందుకే ఊళ్లో వాళ్లు వేళ్లమీద వేసుకున్న అంకెలకూ ఖాతాలోని అంకెలకూ పొంతన ఉండదు. డెవలపర్ లెవీ బదులు స్థలం ఇస్తే మాత్రం మీకు నష్టం లేదు. ఆ స్థలం విలువలో మీ శాతం నగదుగా ఇవ్వాలని 59బీ చెబుతుంది.

స్కూలు సొమ్ము సంగతి క్లుప్తంగా చెబుతాను. అది బహుశా సెక్షన్ 106 ఒప్పందం కింద, 1990 ప్లానింగ్ చట్టం ప్రకారం, ఆ నిర్మాణం వల్ల వచ్చే ఫలానా అవసరానికి ఇస్తున్నది. స్కూళ్లు చూసేది కౌంటీ కౌన్సిల్. అందులో పారిష్‌కు చట్టబద్ధమైన వాటా లేదు. మీ హాలో ఆటస్థలమో ఆ ఒప్పందంలో పేరుతో సహా రాయించుకుని ఉంటే తప్ప అడగడానికి ఆధారం లేదు. రాయించుకునే సమయం అవుట్‌లైన్ అనుమతి ముందే, ఇప్పుడు దాటిపోయింది. ఈ రెండు డబ్బులనూ ఒకే ఉత్తరంలో కలిపి రాయకండి.

మరి ఎలా అడగాలి? ముందు మీరు ఒక్కరే ఏ ఈమెయిలూ పంపకండి. పారిష్ కౌన్సిల్‌లో కౌన్సిలర్‌కు విడిగా అధికారం లేదు. కౌన్సిల్ సమావేశంలో తీర్మానం చేసి, క్లర్క్ (కౌన్సిల్ పనులు నడిపే ఉద్యోగి) చేత రాయించాలి. కొత్తగా చేరినవాళ్లు ఈ ఒక్క విషయంలోనే ఎక్కువగా ఇబ్బంది పడతారు. తీర్మానంలో నాలుగు మాటలు చాలు: విడతలవారీ లెక్క అడగడం, శాతం సరిచేయమనడం, సూచీ పరిమితి, పరిపాలన కోత. మీ ఇల్లు ఆ లేఅవుట్ పక్కనే ఉంటే, మీకో మీ ఇంట్లోవాళ్లకో డెవలపర్‌తో వ్యవహారం ఉంటే, ముందుగానే చెప్పి చర్చలోంచి తప్పుకోవలసి రావచ్చు. క్లర్క్‌ను అడగండి.

క్లర్క్ రాసే ఉత్తరం లెవీ ఆఫీసర్‌కు వెళ్లాలి, నకలు మీ వార్డు డిస్ట్రిక్ట్ కౌన్సిలర్‌కు. ఉత్తరంలో ఫిర్యాదు కన్నా ప్రశ్నలు ఎక్కువ ఉండనివ్వండి. ఒక్కో దశకు అనుమతి ఏ రోజు మొదటిసారి నిర్మాణాన్ని అనుమతించిందని మీరు తీసుకున్నారు, ఏ నిబంధన ప్రకారం? ఒక్కో దశకు ఎంత వచ్చింది, ఏ తేదీన? వాటా ఏ మొత్తం మీద లెక్కించారు, అందులోంచి ఏమైనా తీసేశారా, డెవలపర్‌కు తిరిగి ఇచ్చిన సొమ్ము ఏమైనా సర్దుబాటు చేశారా? పరిమితికి ఎన్ని ఇళ్లు, ఏ సంవత్సరపు సూచీ వాడారు? ఇలా అడిగితే ఆఫీసర్ తన సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి చూడక తప్పదు, చూస్తే తప్పు తనకే కనిపిస్తుంది. "మా సొమ్ము కాజేశారు" అని మొదలుపెడితే ఉత్తరం లీగల్ విభాగానికి పోతుంది, అక్కడ నిద్రపోతుంది.

వాళ్ల అంకెలు సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. లెవీ వసూలు చేసే ప్రతి కౌన్సిల్ ఏటా డిసెంబరు 31 లోపు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫండింగ్ స్టేట్‌మెంట్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో మొత్తం ఎంత వచ్చింది, పారిష్‌లకు ఎంత పంపారు, పరిపాలనకు ఎంత తీసుకున్నారు అన్నీ ఉంటాయి. మొత్తం వసూళ్లలో పరిపాలన భాగం ఎన్ని శాతమో చూస్తే మీ 12,000 కోత రహస్యం సగం అక్కడే విడిపోతుంది. జవాబు నెల దాటినా రాకపోతే సమాచార హక్కు కింద, పర్యావరణ సమాచార నిబంధనలు కూడా పేర్కొంటూ, క్లర్క్ చేత దరఖాస్తు పెట్టించండి. ఇరవై పనిదినాల్లో జవాబు రావాలి. లయబిలిటీ నోటీసులు, డిమాండ్ నోటీసులు, కమెన్స్‌మెంట్ నోటీసు (పని మొదలుపెడుతున్నామని డెవలపర్ ఇచ్చేది) తేదీలు అడగండి.

అప్పటికీ కదలకపోతే కౌన్సిల్ చట్టం ప్రకారం నడుస్తోందా అని చూసే డిస్ట్రిక్ట్ మానిటరింగ్ ఆఫీసర్‌కు, ఆర్థిక బాధ్యత ఉన్న సెక్షన్ 151 ఆఫీసర్‌కు రాయండి. చట్టం ప్రకారం ఇవ్వాల్సిన సొమ్ము ఇవ్వలేదన్న మాట ఆ ఇద్దరూ తేలిగ్గా తీసుకోలేరు. మీ కౌన్సిల్ కౌంటీ స్థాయి స్థానిక కౌన్సిళ్ల సంఘంలో సభ్యురాలైతే, దాని ద్వారా జాతీయ సంఘం న్యాయ విభాగం అభిప్రాయం అడగవచ్చు. 29,300 బాకీకి లాయర్ ఫీజు పెట్టేముందు ఈ తలుపు తట్టండి.

అంబుడ్స్‌మన్ గురించి అడిగారు. స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్ (కౌన్సిళ్లమీద జనం ఫిర్యాదులు విచారించే అధికారి) పారిష్ కౌన్సిల్ ఫిర్యాదు తీసుకోరు. ప్రజాసంస్థలు ఒకదానిమీద మరొకటి పెట్టే ఫిర్యాదులు వారి పరిధిలో లేవు. ఇది తెలియక అటు వెళ్లి నెలలు పోగొట్టుకోవద్దు. లెవీ మొత్తం తప్పని చెప్పి సమీక్ష కోరే అప్పీలు పద్ధతి కూడా కట్టేవాళ్ల కోసమే, వాటా పొందేవాళ్ల కోసం కాదు. డిస్ట్రిక్ట్ పరిధిలోని ఓటరు మాత్రం, ఏటా లెక్కలు తనిఖీకి పెట్టినప్పుడు చూసి, ఆడిటర్‌కు అభ్యంతరం రాయవచ్చు. 2014 ఆడిట్ చట్టం ఆ హక్కు ఇచ్చింది. తనిఖీ గడువు వేసవిలో ముప్పయి పనిదినాలు, తేదీలు డిస్ట్రిక్ట్ ప్రకటిస్తుంది.

కోర్టు మాటకొస్తే, న్యాయసమీక్షకు వెంటనే వెళ్లాలి, ఎట్టిపరిస్థితిలో మూడు నెలలు దాటకూడదు. కొన్ని ప్లానింగ్ నిర్ణయాలకు ఆరు వారాలే. "మీ వాదన ఒప్పుకోం" అని రాతపూర్వకంగా వచ్చిన రోజు తేదీ కాగితంమీద రాసి పెట్టుకుని, ఆ వారంలోనే సంఘం ద్వారా న్యాయసలహా అడగండి. ఖర్చు చూస్తే 29,300కు కోర్టు మెట్లెక్కడం తెలివైన పని కాదు. 89,300 అయితే ఒక న్యాయవాది రాతపూర్వక అభిప్రాయం తెచ్చుకోవడం దండగ కాదు. ఆ అభిప్రాయం కాగితమే చాలాసార్లు పని జరిపిస్తుంది.

హాలు విషయంలో మీరు మాట ఇచ్చారన్నారు. మాట ఇచ్చినా చెక్కు ఇవ్వకండి. మీకొచ్చిన సొమ్మును మౌలిక సదుపాయాలు కల్పించడానికి, బాగుచేయడానికి, నడపడానికి, లేదా ఆ నిర్మాణం వల్ల ఊరిమీద పడే భారం తీర్చే మరే పనికైనా వాడవచ్చు. హాలు ఇందులో పడుతుంది. అయితే ఖర్చుపెట్టే చట్టాధికారం పారిష్‌కు విడిగా ఉండాలి. మీ కౌన్సిల్‌కు జనరల్ పవర్ ఆఫ్ కాంపిటెన్స్ (చట్టం కాదనని ఏ పనైనా చేయగల సాధారణ అధికారం) ఉందా, లేకపోతే హాలుకు సంబంధించిన ప్రత్యేక అధికారం కింద పెడుతున్నారా అన్నది తీర్మానంలో రాయించండి. హాలు కౌన్సిల్‌ది కాక చారిటబుల్ ట్రస్టుదైతే, సొమ్ము గ్రాంటుగా ఇచ్చి దేనికి వాడారో రసీదులు తీసుకోవాలి.

గడియారం కూడా నడుస్తోంది. ఒక్కో విడత చేతికొచ్చిన రోజు నుంచి అయిదేళ్లలో ఖర్చు కాకపోతే, లేదా పనికిరాని పనికి ఖర్చయితే, డిస్ట్రిక్ట్ నోటీసు ఇచ్చి వెనక్కి అడగవచ్చు. వెనక్కి తీసుకున్నది మళ్లీ మీ ఊళ్లోనే ఖర్చుపెట్టాలి, కానీ దేనికన్నది అప్పుడు వాళ్లు తేలుస్తారు. కాబట్టి లెవీ సొమ్మును విడి రిజర్వుగా పుస్తకాల్లో చూపిస్తూ, విడతకొక వరుస, వచ్చిన తేదీ, అయిదేళ్లు నిండే తేదీ, ఎంత వాడాం, ఎంత మిగిలింది అన్న ఒక పట్టిక క్లర్క్ దగ్గర ఉండాలి. ఎప్పుడూ పాత విడత ముందు వాడండి. ఈ వివరాలతోనే ఏటా నివేదిక వెబ్‌సైట్‌లో పెట్టి, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే డిసెంబరు 31 లోపు డిస్ట్రిక్ట్‌కు నకలు పంపాలి. బాకీ అడిగే కౌన్సిల్ తన నివేదికలే ఆలస్యం చేసిందంటే ఎదుటివాళ్లకు మంచి ఆయుధం ఇచ్చినట్టే.

చివరగా రెండో దశలో మిగిలిన 2,40,000. అది డెవలపర్ కట్టగానే మళ్లీ పదిహేను శాతం, మళ్లీ అయిదు శాతం కోతతో 34,200 మీ ఖాతాలో పడుతుంది, ఎవరూ ఆపకపోతే. పడాల్సింది 60,000. అందుకని క్లర్క్ ఉత్తరం వచ్చే అక్టోబరు 28కో ఏప్రిల్ 28కో కనీసం ఆరు వారాల ముందు వెళ్లేలా, వచ్చే సమావేశం అజెండాలోనే ఈ అంశం పెట్టించండి.